ఎర్రనీళ్లు చెప్పని లెక్క



దిష్టి తీసే ఎర్రనీళ్లు మనమందరం చూసినవాళ్లమే. పసుపు నీళ్లలో కాస్త సున్నం వేస్తే చాలు, ఎర్రగా మారిపోతాయి. సున్నం క్షారం. దాన్ని పట్టిచ్చే సూచిక పసుపు. అయితే సున్నం ఉందని పసుపు చెబుతుంది గానీ, ఎంత ఉందో చెప్పదు. ఆ 'ఎంత'ను తేల్చేదే టైట్రేషన్. తెలుగులో అంశమాపనం అంటారు.

మన నంద్యాల జిల్లాలో సున్నపురాయికి కొదవ లేదు. ఆ రాయిని బట్టీలో కాలిస్తే పొడిసున్నం, దానికి నీళ్లు కలిపితే తడిసున్నం. మా అవ్వ వక్కాకుకు రాసుకునేది ఇదే. ఆళ్లగడ్డ అంగట్లో కొన్న సున్నాన్ని రాత్రి నీళ్లలో కలిపి మూత పెట్టినాం. పొద్దున ల్యాబ్‌లో పైన తేరిన తేటతో ప్రయోగం చేసినాం.

చేసే విధానం: బ్యూరెట్‌లో 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం నింపాలి. పిపెట్‌తో 20 మి.లీ. సున్నపుతేట కుప్పెలోకి తీసుకొని, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేయాలి. గులాబీ రంగు వస్తుంది. కుప్పెను తిప్పుతూ ఆమ్లాన్ని వదలాలి. చివర్లో ఒక్కో చుక్కే. రంగు పూర్తిగా పోయిన చుక్క దగ్గర ఆపి రీడింగు రాయాలి. రెండు రీడింగులు ఒకటయ్యే దాకా మళ్లీ మళ్లీ చేయాలి.

ఇక్కడే నేను తప్పు చేసినాను. తొందరలో కలక నీళ్లు తీసుకున్నాను. రంగు పోతుంది, మళ్లీ వస్తుంది! చివరకు 11.2 వచ్చింది. పక్క బ్యాచ్‌కు 8.4. రికార్డులో నేనూ 8.4 వేసుకుందామని పెన్ను తీసినాను. సారు చూసి, "అంకె దిద్దేది కాదురా, నీళ్లు చూడు" అన్నారు. కరగని సున్నపు పలుకులు కొంచెం కొంచెంగా కరుగుతూ ఆమ్లాన్ని తాగేస్తున్నాయి! నీళ్లు వడగట్టి మళ్లీ చేస్తే 8.6, 8.4, 8.4 వచ్చినాయి. చూసి రాసుంటే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

లెక్క: ఒక మోల్ సున్నానికి రెండు మోల్‌ల ఆమ్లం కావాలి. ఈ రెండును మరిచి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.
0.1 × 8.4 ÷ (2 × 20) = 0.021 మోలార్.
దాన్ని 74తో గుణిస్తే లీటరుకు సుమారు 1.55 గ్రాములు. బస్తా సున్నం పోసినా తేటలో కరిగేది ఇంచుమించు అంతే. మిగతాది అడుగున కూర్చుంటుంది.

జాగ్రత్త: పిపెట్‌ను నోటితో పీల్చకండి, రబ్బరు బల్బు వాడండి. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. చిన్న తరగతుల తమ్ముళ్లు సున్నం డబ్బాలతో ఆడుతుంటే ఆపండి. పడితే నలపకుండా వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మీకో ప్రశ్న: సున్నపుతేటను మూత లేకుండా రెండు దినాలు వదిలేస్తే రీడింగు పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు? జవాబు వచ్చే సంచికలో.

— ఇంటర్ రెండవ సంవత్సరం విద్యార్థి