చిప్ప మీద చెయ్యి వేస్తే

మోకాలి పరీక్ష మంచం ఎక్కి పడుకున్నాక మొదలవుతుందని అనుకుంటాం. చెయ్యి తిరిగిన ఎముకల డాక్టరు మాత్రం పేషెంటు గది తలుపు దాటేలోపే సగం పని కానిచ్చేస్తాడు. ఏ కాలి మీద తక్కువసేపు ఆనుతున్నాడు, కుర్చీలోంచి లేస్తూ తొడల మీద చేతులు మోపుతున్నాడా, చెప్పు విడిచేటప్పుడు ఏ కాలు ముందుకొచ్చింది, అన్నీ గమనిస్తాడు. ముందు చూడు, తర్వాత తాకు, ఆఖర్న కదిలించు అనే వరసను తరతరాల వైద్య విద్యార్థులకు ఒంటబట్టించినవాడు బ్రిటిష్ సర్జన్ అలన్ గ్రాహం ఆప్లే. ఇప్పుడు చాలామంది ఎమ్మారై కవరు చేత్తో పట్టుకునే వస్తున్నారు కాబట్టి ఈ వరస కాస్త తలకిందులైంది.

నొప్పి కుడి మోకాలికైతే డాక్టరు ఎడమది పట్టుకున్నాడేమిటని కంగారు పడనక్కర్లేదు. కొందరికి పుట్టుకతోనే కీళ్ళు వదులు. బాగున్న కాలు ఎంత వదులో తెలియకుండా బాగాలేనిదాని సంగతి తేల్చలేరు.

ఆరోగ్యంగా ఉన్న మోకాలు పైనున్న తొడకంటే, కిందనున్న పిక్కకంటే కొంచెం చల్లగా ఉంటుంది. అందుకే డాక్టరు చేతి వెనకవైపును తొడ నుంచి కిందికి అలా జరుపుతూ చూస్తాడు. మోకాలు కూడా తొడంత వెచ్చగా తగిలితే లోపల వాపు ఉందేమోనని అనుమానించాలి. వేడితోపాటు జ్వరం కూడా ఉండి, కాలు కాస్త కదిపినా ప్రాణం పోతున్నట్టుంటే అది కీలులో చీము పట్టడం కావచ్చు. రేపు చూద్దాంలే అనుకోకుండా ఆరోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

మోకాల్లో నీరు పట్టిందంటాం కదా, మామూలుగా కూడా అక్కడ కొద్దిగా ద్రవం ఉంటుంది, నాలుగు మిల్లీలీటర్లకు మించదు. అది ఏమాత్రం పెరిగినా పట్టేసే ఉపాయం ఒకటుంది, యంత్రంతో పని లేదు. కాలు చాపి పడుకోబెట్టి, చిప్పకు లోపలివైపున్న చిన్న పల్లాన్ని అరచేత్తో పైకి నిమిరి ఖాళీ చేస్తారు. తర్వాత బయటివైపున పైనుంచి కిందికి నిమురుతారు. నీరుంటే, ఇందాక ఖాళీ అయిన ఆ లోపలి పల్లం కళ్ళముందే మెల్లగా ఉబ్బుతుంది. నీరు బాగా ఎక్కువైతే ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు చిప్పను వేలితో నొక్కితే అది కిందికి దిగి, తొడ ఎముకకు టక్కున తగిలి మళ్ళీ తేలుతుంది.

వాపు ఎప్పుడొచ్చిందన్న ప్రశ్నకు సరైన జవాబు దొరికితే జబ్బు సగం దొరికినట్టే. కబడ్డీ ఆడుతూ కాలు మెలిపడి, టప్పుమన్న శబ్దంతో కూలబడి, గంట రెండు గంటల్లోనే మోకాలు ఉబ్బిపోతే లోపల రక్తం చేరిందని అర్థం. అలాంటప్పుడు మొదట అనుమానించేది తొడ ఎముకనూ కాలి ఎముకనూ లోపల కట్టి ఉంచే ముందరి క్రూసియేట్ లిగమెంటునే. వాపు తెల్లారాక తీరిగ్గా వస్తే దృష్టి ఆ రెండెముకల మధ్య దిండులా ఉండే మెనిస్కస్ మీదికి మళ్ళుతుంది.

ఆ లిగమెంటును పట్టిచ్చే లాచ్‌మన్ పరీక్షను 1976లో ప్రచురించింది లాచ్‌మన్ కాదు, ఆయన శిష్యుడు జోసెఫ్ టోర్గ్. ఫిలడెల్ఫియా టెంపుల్ విశ్వవిద్యాలయంలో తనకు నేర్పిన గురువు పేరే దానికి పెట్టాడు. అంతకుముందు మోకాలిని 90 డిగ్రీలు వంచి కాలిని ముందుకు లాగేవారు. ఆ భంగిమలో తొడ వెనక కండరాలు బిగుసుకుని, తెగిన లిగమెంటును కూడా బాగున్నట్టే చూపించేవి. లాచ్‌మన్ పద్ధతిలో 20, 30 డిగ్రీలే వంచుతారు. ఒక చెయ్యి తొడను కదలనివ్వదు, రెండోది కాలి ఎముకను ముందుకు లాగుతుంది. లిగమెంటు ఉంటే ఒకచోట గట్టిగా ఆగుతుంది, తెగితే ఆ ఆగడమే ఉండదు. పహిల్వాను తొడ చేతిలో పట్టకపోతే డాక్టరు తన మోకాలినే దాని కింద దన్నుగా పెట్టుకుంటాడు.

వెనక క్రూసియేట్ లిగమెంటు తెగినవాళ్ళలో ఒక మోసం ఉంది. రెండు మోకాళ్ళూ వంచి పక్కనుంచి చూస్తే, దెబ్బతిన్న కాలి ఎముక అప్పటికే వెనక్కి జారి ఉంటుంది. అది గమనించకుండా ముందుకు లాగితే బాగా కదులుతుంది, కదిలింది కదా అని ముందరి లిగమెంటు తెగిందని రాసేస్తారు. నిజానికి ఆ ఎముక తన చోటికి తాను తిరిగొచ్చింది, అంతే.

మెనిస్కస్ పరీక్షలు బోలెడు. లివర్‌పూల్ సర్జన్ మెక్‌మరే కాలిని పూర్తిగా మడిచి, పాదాన్ని తిప్పుతూ చాపమన్నాడు. 1947లో ఆప్లే బోర్లా పడుకోబెట్టి మడమను నొక్కుతూ తిప్పమన్నాడు. గ్రీసులోని థెస్సలీ వైద్యులు 2005లో పేషెంటునే ఒంటికాలి మీద నిలబెట్టి నడుం తిప్పించారు. మొదట్లో దీనికి వచ్చిన పేరు తర్వాతి పరిశోధనల్లో అంతగా నిలబడలేదు. ఇన్ని పరీక్షలు పుట్టాయంటేనే ఏ ఒక్కటీ పూర్తిగా నమ్మదగింది కాదని తెలిసిపోతోంది.

అలాగని స్కాన్ తీర్పే తుది తీర్పనుకోవద్దు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 50 నుంచి 90 ఏళ్ళ వయసున్న 991 మందికి ఎమ్మారై తీశారు, ఫలితాలు 2008లో వచ్చాయి. మెనిస్కస్ చిరిగినవాళ్ళలో 61 శాతం మందికి అంతకుముందు నెలరోజుల్లో నొప్పీ లేదు, బిగుతూ లేదు. ఫిల్ములో చిరుగు కనబడగానే ఆపరేషన్ మాటెత్తేవారికి ఈ లెక్క గుర్తుచెయ్యాలి.

తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయంటారు. పళ్ళ సంగతేమో గానీ తుంటి చెడితే మోకాలు నొప్పి పుట్టడం నిజం. రెండు కీళ్ళకూ కొన్ని నరాలు ఉమ్మడి. పదేళ్ళు దాటిన పిల్లవాడు మోకాలు నొప్పంటూ కుంటుతుంటే, మోకాలి ఎక్స్‌రే బాగానే ఉంటే, తుంటిని చూడకుండా పంపకూడదు. అక్కడ ఎముక తల పక్కకు జారుతూ ఉండొచ్చు.

పసిబిడ్డకు మోకాలి చిప్ప మృదులాస్థిగానే ఉంటుంది. మూడేళ్ళ ప్రాంతంలో ఎముకవడం మొదలవుతుంది. కాళ్ళ తీరూ అంతే: పుట్టినప్పుడు దొడ్డికాళ్ళు, రెండేళ్ళకు తిన్నగా, మూడు నాలుగేళ్ళకు మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునేలా, ఏడేళ్ళకు పెద్దవాళ్ళలాగా. ఆ తర్వాత కూడా మోకాళ్ళు ఆనించి నిలబడినప్పుడు చీలమండల మధ్య చాలా ఎడం ఉంటే కారణం వెతకాలి. మన దగ్గర ఆ వెతుకులాట నీళ్ళ దాకా వెళ్ళింది. తాగునీటి ఫ్లోరైడ్ జబ్బు దేశంలో మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఎదిగే పిల్లల మోకాళ్ళు ఇలా లోపలికి వంగడం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు.

ఇక సినిమాల్లో డాక్టరనగానే చిప్ప కింద సుత్తితో కొడతాడు. ఆ దెబ్బ పరీక్షించేది మోకాలిని కాదు, నడుం దగ్గరి నరాలను. కాలు ఎగరకపోతే రెండు చేతుల వేళ్ళూ కొక్కేల్లా తగిలించి లాగమంటారు, ధ్యాస అటు మళ్ళగానే చాలాసార్లు ఎగురుతుంది. సుత్తి దెబ్బకు కాలు ఎగిరే సంగతిని 1875లో జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ ఎవరికి వారే కనిపెట్టి ఒకే పత్రికలో రాశారు. ఇది నరాల ప్రతిచర్య అన్నాడు ఎర్బ్. కాదు, కండరమే నేరుగా అదురుతోందన్నాడు వెస్ట్‌ఫాల్. పత్రిక సంపాదకుల్లో ఒకడు వెస్ట్‌ఫాలే, నెగ్గింది మాత్రం ఎర్బ్ మాట.