సవరణ షరతు లేని స్మార్ట్ కాంట్రాక్టు వర్తకానికి పనికిరాదు
తాళంచెవి ఎవరి చేతిలో వుందో చూసుకోవాలి

(మా వాణిజ్య ప్రతినిధి)

సరకు దిగి, తూకం, తేమ సరిపోయాయని నమోదు కాగానే కంప్యూటరే సొమ్ము చెల్లించే ‘స్మార్ట్ కాంట్రాక్టు’ పట్ల ఎగుమతి వర్తకులు, బ్యాంకులు కొన్నేళ్లుగా ఆసక్తి చూపుతున్నారు. బిల్లు కోసం రోజుల తరబడి ఎదురు చూడనక్కరలేకపోవడం దీనిలోని ఆకర్షణ. ఒకసారి వ్రాసిన షరతును తేలికగా మార్చలేకపోవడం దీనిలోని చిక్కు. మార్పుకు వీలులేని ఒప్పందం వ్యాపారానికి సరిపడదు. ఒక్కరే తమ ఇష్టప్రకారం మార్చగల ఒప్పందం అంతకంటె ప్రమాదం. ఈ రెంటికీ నడుమ దారి వున్నదా అన్నదే వర్తకులు తేల్చుకోవలసిన విషయం.

బ్లాక్‌చెయిన్ అంటే స్థూలంగా, భాగస్తులందరి వద్దా ఒకే ప్రతి వుండే చిట్టా. ఒకరు తమ ప్రతిలో పద్దు దిద్దితే మిగిలిన ప్రతులతో సరిపోదు కనుక ఆ దిద్దుబాటు చెల్లదు. ఆ చిట్టా మీద నడిచే ప్రోగ్రామే స్మార్ట్ కాంట్రాక్టు. అమెరికాకు చెందిన నిక్ జాబో 1990 దశకంలో ఈ ఊహను ప్రతిపాదించారు. 2015లో ప్రారంభమైన ఇథీరియంతో అది విరివిగా ఆచరణలోకి వచ్చింది.

సరకుల వ్యాపారంలో దీని ఉపయోగం లేకపోలేదు. అమెరికా నుంచి చైనాకు వెళ్లిన సోయాబీన్ ఓడ సరకుకు సంబంధించి అమ్మకం ఒప్పందం, లెటర్ ఆఫ్ క్రెడిట్, సర్టిఫికెట్లు అన్నీ బ్లాక్‌చెయిన్ మీదనే నడిపినట్లు లూయీ డ్రైఫస్ కంపెనీ, మూడు ఐరోపా బ్యాంకులు 2018 జనవరిలో ప్రకటించాయి. కాగితాల పనికి పట్టే కాలం అయిదో వంతుకు తగ్గిందని అవి తెలిపాయి.

బిగుసుకున్న తాళాలు

అయితే లోపం దొర్లినప్పుడు ఏమవుతుందో అంతకు ముందే తెలిసివచ్చింది. ‘ది డావో’ అనే పెట్టుబడి నిధి మొత్తం స్మార్ట్ కాంట్రాక్టు మీదనే నడిచేది. 2016 జూన్‌లో దాని ప్రోగ్రాములోని లొసుగు పట్టుకుని ఎవరో సుమారు 36 లక్షల ఈథర్‌ను, అనగా ఆనాటి ధరకు దాదాపు 5 కోట్ల డాలర్లను, పక్కకు మళ్లించారు. ఒప్పందంలోనే దిద్దుబాటుకు వీలు లేకపోవడంతో జూలైలో ఏకంగా చిట్టానే మార్చవలసి వచ్చింది. అందుకు ఒప్పుకోనివారు పాత చిట్టాను వేరుగా కొనసాగించారు.

2017 నవంబరులో మరో ఉదంతం. పారిటీ సంస్థ రూపొందించిన వందలాది ఖాతాలు ఒకే ఉమ్మడి ప్రోగ్రాము మీద ఆధారపడి వున్నాయి. దాని యాజమాన్యం చేజిక్కించుకున్న ఒక వ్యక్తి దానిని రద్దు చేయడంతో 5 లక్షలకు పైగా ఈథర్ చిక్కుపడిపోయింది. సొమ్ము ఖాతాలలో కనిపిస్తుంది, తీయడానికి మాత్రం వీలులేదు.

యార్డులో జరిగేది వేరు

మిర్చి ఒప్పందంలో తేమ 11 శాతం మించరాదని వ్రాసుకున్నారనుకుందాం. 12 శాతం వచ్చింది, తాలు కాయలు కూడ కొద్దిగా కలిశాయి. అంతమాత్రాన బేరం చెడదు. కమీషన్ ఏజెంటు మధ్యన కూర్చుంటాడు, క్వింటాలుకు ఇంత అని తగ్గిస్తారు, టిక్కీలు లారీకి ఎక్కుతాయి. 1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టం 62వ సెక్షన్ కూడ ఉభయులూ సమ్మతిస్తే ఒప్పందాన్ని మార్చుకోవచ్చునని చెబుతున్నది. 11 దాటితే చెల్లించవద్దని మాత్రమే వ్రాసిన ప్రోగ్రాముకు ఈ సర్దుబాటు తెలియదు. సరకు ఒకచోట, సొమ్ము మరొకచోట నిలిచిపోతాయి.

సవరణకు మార్గాలు

మొదటిది, మారేవాటిని మారనివాటి నుంచి వేరు చేయడం. తేమ హద్దు, తరుగు రేటు, గడువు వంటివి ప్రోగ్రాములో బిగించకుండా విడి పట్టికలో వుంచి, ఉభయుల సంతకంతో మార్చే వీలు కల్పించవచ్చు. నిత్యం వచ్చే తగాదాలు చాలావరకు దీనితోనే తీరతాయి.

రెండవది, ప్రోగ్రామునే మార్చడం. బయటి చిరునామా అలాగే వుంచి, వెనుక పనిచేసే ప్రోగ్రాము స్థానంలో కొత్తది పెడతారు. కొట్టు బోర్డు అదే, గుమాస్తా మారినట్లు. అసలు ప్రమాదం ఇక్కడే వుంది. తాళంచెవి ఒక్కరి చేతిలోనే వుంటే రేపు చెల్లింపు షరతు కూడ మారవచ్చు. కనుక ఇద్దరు ముగ్గురి సంతకాలు వుండాలనీ, మార్పు ప్రకటించిన కొన్ని రోజుల తరువాతనే అమలు కావాలనీ నిబంధన పెడతారు. కంపెనీలు వాడే హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్ 2020లో వచ్చిన 2.0 రూపంలో, వేరే ఏర్పాటు చేసుకోకపోతే, భాగస్త సంస్థలలో మెజారిటీ ఒప్పుకుంటేనే మార్పు అమలవుతుంది.

మూడవది, ఆపే వీలు. వివాదం తేలేవరకు చెల్లింపు నిలిపి, మధ్యవర్తికి అప్పగించే మీట వుండాలి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన డేటా చట్టం, తన పరిధిలోని డేటా పంపిణీకి వాడే స్మార్ట్ కాంట్రాక్టులను సురక్షితంగా ఆపగలగాలని షరతు పెట్టడం గమనార్హం.

తూకం చెప్పేదెవరు?

ప్రోగ్రాము స్వయంగా సరకును చూడలేదు. తేమ ఎంతో, ఓడ ఎప్పుడు కదిలిందో బయటి నుంచి ఎవరో నమోదు చేయాలి. నమోదే తప్పయితే తప్పు చెల్లింపు క్షణంలో జరిగిపోతుంది. కనుక ఏ లేబొరేటరీ మాట చెల్లుతుందో, రెండవ పరీక్షకు ఎన్ని రోజులు గడువో ముందే వ్రాసుకోవాలి.

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. సుగంధ ద్రవ్యాల పుట్టుపూర్వోత్తరాలను బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేసేందుకు స్పైసెస్ బోర్డు 2021 ఏప్రిల్‌లో యు.ఎన్.డి.పి.తో ఒప్పందం చేసుకుంది. ప్రయోగానికి ఎంచుకున్నది ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల మిర్చి, పసుపు రైతులను, 3 వేలమందికి పైగా. అది సరకు జాడ తెలిపే ఏర్పాటే గాని చెల్లింపుది కాదు. చెల్లింపును దానికి ముడిపెట్టే రోజు వస్తే, షరతులు వ్రాసేటప్పుడు వర్తకులు, ఏజెంట్లు, రైతులు కూడ బల్లకు ఈవల కూర్చోవాలి.

వేదిక మూతపడితే ఏమిటన్నదీ చూడాలి. మేర్స్క్, ఐ.బి.ఎం.లు 2018లో ఆరంభించిన ట్రేడ్‌లెన్స్‌ను, పరిశ్రమ అంతటి సహకారం లభించలేదంటూ, 2022 నవంబరులో మూసివేస్తున్నట్లు ప్రకటించాయి. అంతటి సంస్థలకే ఇది తప్పలేదు.

కనుక సంతకం పెట్టేముందు అడగవలసినవి నాలుగు: షరతు మార్చే అధికారం ఎవరిది? ఆపే మీట ఎవరి చేతిలో వుంది? తూకం, తేమ నమోదు ఎవరిది? వేదిక మూతపడితే సొమ్ము, రికార్డు ఎవరి వద్ద వుంటాయి? వీటికి వ్రాతపూర్వకంగా జవాబు రానిదే కొత్త పద్ధతిలో పెద్ద మొత్తాలు దించకపోవడం మేలు.