చేతి తుపాకుల శబ్దం

తుపాకీ గొట్టపు లోపలి వ్యాసాన్ని క్యాలిబర్ అంటారు. ఇది పెరిగిన కొద్దీ శబ్దం కూడా పెరుగుతుందనుకోవడం సరికాదు. సుమారు 11.4 మి.మీ. వ్యాసం గల .45 ఏ.సి.పి. తూటా పేలినపుడు సుమారు 157 డెసిబెల్‌ల శబ్దం వెలువడగా, అంతకంటె సన్ననైన 9 మి.మీ. తూటాకు సుమారు 160, .357 మాగ్నమ్‌కు సుమారు 164 డెసిబెల్‌లు ఉంటాయి. గొట్టం కొననుండి వెలువడే వాయువుల పీడనం ఇందుకు ముఖ్య కారణం; .45 తూటాలో ఆ పీడనం తక్కువ. రివాల్వరులోనైతే సిలిండరుకు, గొట్టానికి మధ్యనున్న సందు నుండి కూడా వాయువులు చిమ్ముతాయి.

హఠాత్తుగా వెలువడే శబ్దాలకు పెద్దలకు 140, పిల్లలకు 120 డెసిబెల్‌లను గరిష్ఠ పరిమితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. 25 మీటర్ల పిస్తోలు పోటీలలో వాడే చిన్న .22 తూటా సైతం దీనిని మించుతుంది. రక్షణ లేని చెవికి ఒక్క పేలుడుతోనే శాశ్వత నష్టం కలుగవచ్చును. కర్ణావర్తంలోని రోమకణాలు నశిస్తే తిరిగి పెరగవు.