పెటపోలి నుంచి నిజాంపట్నం దాకా: తీరాంధ్రలో ఒక వర్తక స్థావర చరిత్ర

ఉపోద్ఘాతం:

బాపట్ల జిల్లాలో రేపల్లెకు సమీపాన సముద్రతీరంలో ఉన్న నిజాంపట్నం నేడు చేపల రేవుగానే ఎక్కువమందికి పరిచితం. పదిహేడవ శతాబ్దపు డచ్చి, ఆంగ్ల వర్తకుల రాతల్లో ఇది 'పెటపోలి'. పక్కనున్న పెద్దపల్లె పేరే విదేశీయుల నోట ఇలా మారింది. ఈ పేరును గుర్తించనంతకాలం ఆ రాతలు మన ప్రాంత చరిత్రకు ఆధారాలని తెలియదు.

స్థావరాల ఏర్పాటు:

డచ్చివారు 1606లో ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పారు. 1611లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ నౌక 'గ్లోబ్' పులికాట్ చేరగా, అక్కడి డచ్చివారు దానిని వర్తకం చేయనివ్వలేదు. నౌక ఉత్తరంగా సాగి పెటపోలిలో కొందరిని దించి, మచిలీపట్నం చేరింది. అప్పుడీ తీరం గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉంది.

ఎందుకీ ఊరు?

వర్తకులను ఇక్కడికి రప్పించినది రేవు ఒక్కటే కాదు, చిరివేరు కూడా. ఇసుకనేలల్లో పెరిగే ఈ చిన్న మొక్క వేరునుంచి ఎర్రరంగు తీసేవారు. నూలుబట్టకు కరక్కాయ, పటిక పట్టించి ఈ వేరుతో ఉడికిస్తే, ఉతికినా వెలవని ఎరుపు వచ్చేది. పెటపోలి పరిసరాల చిరివేరుకు ఆనాడు ప్రత్యేకమైన పేరుంది. ఈ తీరపు అద్దకపు బట్టలను ఆగ్నేయాసియా దీవులకు చేర్చి, వాటికి మారుగా సుగంధ ద్రవ్యాలు కొనేవారు. అంటే కంపెనీల లాభానికి మూలం వేరు తవ్వినవారు, నేతగాళ్లు, అద్దకంవారు. వర్తకులు దళారుల ద్వారా నేతగాళ్లకు ముందుగా బయానా ఇచ్చేవారు. మగ్గానికి పెట్టుబడి అయిన ఆ సొమ్మే, సరుకు సకాలంలో అందకపోతే అప్పుగా మిగిలేది.

కొనుగోలుదారు పాలకుడైన వైనం:

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. తరువాత ఈ ప్రాంతం హైదరాబాదు నిజాముల అధీనంలోకి వచ్చింది. 1759లో ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నం కోటను ఆంగ్లేయులు గెలుచుకున్నాక, సలాబత్ జంగ్ మచిలీపట్నంతోపాటు నిజాంపట్నం సర్కారును కూడా వారికి ఇచ్చాడు. 1611లో బట్ట కొనడానికి దిగినవారు 148 ఏళ్లకు శిస్తు వసూలు చేసే అధికారం పొందారు.

ముగింపు:

కంపెనీ లెక్కల్లో బట్టల రకాలు, ధరలు ఉన్నాయి. వాటిని నేసి, రంగులద్దినవారి పేర్లు అరుదు. ఆ లోటు తీరాలంటే విదేశీ పత్రాలతోపాటు ఊరిపేర్లను, కులవృత్తుల పదజాలాన్ని, కైఫీయతులను కలిపి చదవాలి. తెలుగు పరిశోధకులు చేయవలసిన పని అక్కడ ఉంది.