శరము: రెల్లు కాడ నుండి కర్బన నార వరకు

మోపిదేవిలో వెలసిన సుబ్రహ్మణ్యేశ్వరునికి శరవణభవుడని పేరు. శరవణమంటే రెల్లు పొద. సంస్కృతంలో శరమన్న మాటకు రెల్లు అనీ, బాణమనీ రెండర్థాలున్నవి. ఒకనాడు రెల్లు కాడయే బాణముగా ఉండెడిదనుటకు ఈ ఒక్క మాటయే చాలును. ఉర్దూలో బాణాన్ని తీర్ అనీ, వింటిని కమాన్ అనీ అంటారు. మనము కట్టడాలలోని వంపును కమాను అనడం ఆ వింటి పేరును బట్టియే. మాటలలో ఇంతగా కలిసిపోయిన ఈ విద్య మన ప్రాంతంలో నేటికీ సజీవంగానే ఉన్నది. కృష్ణ ఒడ్డున రెల్లు కూడ పెరుగుతూనే ఉన్నది. కాని కృష్ణాతీరం నుండి ప్రపంచ పోటీలకు వెళ్ళిన విలుకాండ్ర అంబులపొదిలో రెల్లు లేదు, వెదురు లేదు. కర్బన నారతో చేసిన సన్నని నల్లని కాడలున్నవి. ఈ మార్పు ఎందుకు వచ్చినది? కర్ర బాణమే గతియైన పేద విద్యార్థి పోటీకి దిగకముందే ఓడినట్లా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన ప్రాంతపు విలుకాండ్రు సాధించినది సామాన్యమైనది కాదు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో, కాంపౌండ్ వింటి విభాగమున వ్యక్తిగత, మహిళా జట్టు, మిశ్రమ జట్టు పోటీలు మూడింటిలోను స్వర్ణ పతకాలు గెలుచుకున్నారు. విజయవాడ వాసియే అయిన బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో నాలుగవ స్థానం పొందారు. ఈ పోటీల కొలతలను చూచినచో కాడ విషయంలో ఇంత శ్రద్ధ ఎందుకో తెలియును. కాంపౌండ్ పోటీలో గురి పలక 50 మీటర్ల దూరాన ఉండును. పది గుణాలిచ్చే నడిమి వలయపు వ్యాసం 8 సెంటీమీటర్లు మాత్రమే. కేంద్రము నుండి ఆ వలయపు అంచునకు గల దూరం, విలుకాడు నిలిచిన చోటి నుండి చూస్తే, ఒక డిగ్రీలో ఇరవయ్యో వంతు కోణము కూడ కాదు. చేతిలో తప్పు లేకున్నను, కాడలో ఇంతటి చిన్న లోపమున్నచో గుణము చేజారును.

బాణము వింటి నుండి నిటారుగా దూసుకుపోవునని మనము తలచెదము. నిజమునకు అట్లు జరుగదు. వ్రేళ్ళతో లాగి విడిచినప్పుడు అల్లెత్రాడు వ్రేళ్ళ మీదుగా కొంచెము ప్రక్కకు జారును. వెనుక నుండి ఒక్కసారిగా వచ్చిన త్రోపుడుకు కాడ విల్లువలె వంగి, వింటి కర్రను చుట్టుకొన్నట్లుగా దాటి, అటునిటు ఊగుతూ పోయి క్రమంగా స్థిరపడును. కంటికి అందని ఈ వంపును మొదట వేగవంతమైన కెమెరాలే బయటపెట్టినవి. కనుక కాడ ఎంత బిరుసుగా ఉండవలెనన్నది వింటి బలమును బట్టి నిర్ణయింపవలసి ఉండును. మరీ బిరుసైనది ఒక ప్రక్కకు, మరీ మెత్తనిది ఇంకొక ప్రక్కకు పోవును. ఈ బిరుసును కొలుచుటకు ఒక పద్ధతి కలదు. 28 అంగుళాల ఎడమున రెండు ఆధారాలపై కాడను ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వ్రేలాడదీసి, ఎంత క్రుంగినదో చూచెదరు. అర అంగుళము క్రుంగినచో ఆ కాడను 500 అంకెతో గుర్తించెదరు.

ఇక్కడనే కర్రకు చిక్కు వచ్చును. ఒకే చెట్టు నుండి కోసిన రెండు కర్రలైనను ఒకే విధంగా ఉండవు. ఒకదానిలో ఈనెలు తిన్నగా సాగును, మరొకదానిలో వాలుగా పోవును. ఒకటి బరువు, మరొకటి తేలిక. వెదురులో కణుపుల ఎడములు వేరు, గోడ మందములు వేరు. పూర్వపు బాణాల పనివారు వందలాది కాడలను చేతితో వంచి, తూచి, ఎండబెట్టి, నిప్పుసెగపై సరిచేసి, ఒకదానికొకటి సరిపోలిన వాటిని జతపరచెడివారు. ఆ పనితనము గొప్పదే. కాని తేమను అది ఆపలేదు. కర్ర గాలిలోని తేమను పీల్చుకొని, తిరిగి విడిచిపెట్టు స్వభావము గలది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతమున్నప్పుడు కర్రలో సుమారు 12 శాతము తేమ నిలుచును. ఆర్ద్రత 90 శాతమునకు చేరినచో అది సుమారు 20 శాతమగును. వేసవి వడగాడ్పుల నుండి శ్రావణ మాసపు ముసురు వరకు ఎన్ని మార్పులు వచ్చునో దివిసీమ వారికి వేరుగా చెప్పనక్కరలేదు. వానాకాలమున బిగుసుకొనే తలుపు రెక్కయే దీనికి సాక్ష్యము. తలుపును ఉబ్బించు తేమయే బాణపు కాడ బరువును పెంచి, బిరుసును తగ్గించి, దానిని వంకర త్రిప్పును.

కర్బన నార ఏమో కొత్త లోకము నుండి ఊడిపడినది కాదు. 1880లో ఎడిసన్ విద్యుద్దీపానికై వెదురు నారను కాల్చి బొగ్గు తీగగా మార్చి వాడినాడు. నేటి నార కూడ అదే సూత్రముపై ఆధారపడినది. ఒక కృత్రిమ నూలును మొదట గాలిలో 200 నుండి 300 డిగ్రీల వరకు వేడిచేసి, పిదప ప్రాణవాయువు సోకకుండ వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చెదరు. మిగిలినది దాదాపుగా కర్బనము మాత్రమే. ఒక్కొక్క పోగు మన తలవెంట్రుకలో పదోవంతు సన్నము. ఇట్టి వేలాది పోగులను ఎపాక్సీ జిగురులో తడిపి గొట్టముగా చుట్టి గట్టిపరచినచో కాడ తయారగును. పోగుల వెంబడి చూచినచో, బరువుతో పోల్చగా దీని బిరుసు కర్ర బిరుసుకు సుమారు మూడింతలు. కనుక కాడను సన్నగా, తేలికగా చేయవచ్చును. సన్నని కాడను ప్రక్కగాలి తక్కువగా నెట్టును. తేలిక కాడ గురిని త్వరగా చేరును. అంతకంటె ముఖ్యమైనది సమానత్వము. నాణ్యతను బట్టి అంగుళములో ఒకటి నుండి ఆరు వెయ్యోవంతుల లోపే వంకర ఉండునట్లు వీటిని ఏరి అమ్మెదరు. పన్నెండు కాడలు పన్నెండు కవలల వంటివి. ముసురు పట్టినను, ఎండ కాచినను వాటి తీరు మారదు.

ఈ తర్కము బాణానికే పరిమితము కాదు. బిలియర్డ్స్ బల్లపై ఆడు పూల్ ఆటలో, కూర్చిన బంతులను మొదటి దెబ్బతో చెదరగొట్టుటకు ప్రత్యేకమైన బ్రేక్ క్యూ కర్ర ఉండును. అందును నేడు మేపుల్ కర్రకు, కర్బన నారకు పోటీ నడుచుచున్నది. కర్ర కొన తెల్లబంతిని తాకి ఉండు కాలము సెకనులో వెయ్యోవంతు మాత్రమే. దెబ్బ బంతి నడిమి నుండి కొంచెము తొలగినచో, క్యూ ముందుభాగము ప్రక్కకు నెట్టబడి, బంతి ఎదురు ప్రక్కకు దారి తప్పును. ముందుభాగము ఎంత తేలికయైతే ఈ దోషము అంత తగ్గును. లోపల బోలుగా ఉన్న కర్బన గొట్టమునకు ఆ తేలికదనము సహజముగా అబ్బినది. పైగా అది తేమకు వంగదు. అయినను బంతులను చెదరగొట్టు వేగము వచ్చేది ముఖ్యముగా చేయి ఊపులో నుండి, ముందు బంతిని నిండుగా తాకుటలో నుండి. బాణములోను ఇంతే. కర్బన నార విలుకానికి అదనపు చేయిని ఇవ్వదు. వాని చేయి చేసిన దానిని చెడగొట్టకుండ చేరవేయును.

ఇక దాని దోషములను దాచుట తగదు. కర్ర విరుగుటకు ముందు తరచుగా పగులు కంటికి కనబడును. కర్బన కాడలో పగులు లోలోపల దాగి ఉండి, అల్లెత్రాటి దెబ్బకు ఒక్కసారిగా చీలి, సూదుల వంటి ముక్కలు చేతిలో దిగబడు ప్రమాదమున్నది. అందుచేత వేయబోవు ప్రతి కాడను ముఖమునకు దూరముగా పట్టి, మెల్లగా వంచి, త్రిప్పి, చిటపట ధ్వని వచ్చునేమో వినవలెను. అనుమానమున్న కాడను వాడరాదు. విరిగిన ముక్కలు మట్టిలో కలిసిపోవు. పొలములో, గడ్డిలో వదలినచో పశువుల నోటికి, మనుషుల పాదాలకు ముప్పు. వెల కూడ ఎక్కువే.

కాబట్టి కళాశాలకు వింటి సామగ్రి కొనదలచినప్పుడు క్రమమును పాటించుట మేలు. మన దేశపు పోటీలలో ఇండియన్ రౌండ్ అను విభాగము కలదు. అందులో వెదురు వింటితోనే 30, 50 మీటర్ల దూరములకు గురి చూచెదరు. పేద విద్యార్థికి అది తెరచిన తలుపు. మొదటి ఏడు వెదురుతో నిలుకడ, లాగుట, విడుచుట అలవడవలెను. ఆ పిదప అల్యూమినియం కాడలు. అవి వంగినచో కంటికి తెలియును, కొంత సరిచేయనూ వచ్చును. తన బాణములు ఒక్కచోట గుమిగూడుచుండగా, కాడల తేడా మాత్రమే అడ్డు నిలిచినదని గురువు గుర్తించిన నాడు ఆ విద్యార్థికి కర్బన కాడలు సమకూర్చుట కళాశాల బాధ్యత. అంతకు ముందు ఇచ్చినచో అది వ్యర్థ వ్యయము. ఆ తరువాత ఇవ్వకున్నచో అది అన్యాయము. ఏలయన తప్పు తనదో కాడదో తెలియని విలుకాడు లేని లోపమును తన చేతిలో వెదకుకొని, ఉన్న విద్యను చెడగొట్టుకొనును.

రెల్లు కాడతో ఆడుకొన్న బాలునికి, కర్బన కాడతో పతకము గెలిచిన విలుకానికి నడుమ ఉన్నది కేవలము ధనము కాదు, ఏళ్ళ తరబడి చేసిన అభ్యాసము. ఆ అభ్యాసమునకు తగిన వేళ తగిన సాధనము అందవలెను. విద్యార్థులు మొదటి దానికి, పెద్దలు రెండవ దానికి పూనుకొన్నచో, కృష్ణాతీరపు అంబులపొది ఇక ఎన్నడును ఖాళీ కాదు.