‘సప్లీ’ రాస్తే పోదు..!
ఇంటర్నల్‌లోనే ఆగిపోతున్న సరిహద్దు ఇంజినీరింగ్ చదువులు

జిగణి: ‘అమ్మా.. ఇయర్ బ్యాక్ పడింది’ అని కొడుకు ఫోన్ చేస్తే, గ్రానైట్ ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకొచ్చిన తల్లికి ముందు అర్థం కాదు. ‘సప్లిమెంటరీ రాసుకో నాయనా, దానికంత బాధేంటి?’ అంటుంది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బతుకుతెరువుకు వచ్చి జిగణి పారిశ్రామికవాడలో స్థిరపడిన ఇళ్లల్లో చదువంటే తెలిసింది అదే మరి. తప్పితే సప్లీ, సప్లీ పోతే మళ్లీ సప్లీ! కానీ కర్ణాటకలో లెక్క వేరు.

ఇక్కడి ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎక్కువ భాగం బెళగావి కేంద్రంగా 1998లో ఏర్పడిన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం (వీటీయూ) కిందివే. 2022 స్కీము ప్రకారం థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 50, సెమిస్టర్ పరీక్ష 50. ఇంటర్నల్‌లో కనీసం 20 రావాలి. 19 వచ్చినా పరీక్షకు అర్హత లేదు. ఫలితాల్లో ఆ సబ్జెక్టు ఎదురుగా ‘ఎన్ఈ’ అని పడుతుంది. అంటే నాట్ ఎలిజిబుల్. ఫెయిలైన వాడికి మళ్లీ పరీక్ష ఉంటుంది. ఎన్ఈ పడినవాడికి ఆ దారి కూడా లేదు. ఆ సబ్జెక్టు మళ్లీ పెట్టినప్పుడు పేరు నమోదు చేయించుకుని, క్లాసులకు కూర్చుని, ఇంటర్నల్ మొదటినుంచీ తెచ్చుకోవాల్సిందే.

రెండూ దాటినా ఫెయిలే

ఇంకో మెలిక ఉంది. సెమిస్టర్ పరీక్ష 100 మార్కులకు రాయించి 50కి కుదిస్తారు. అందులో 35 వస్తే కుదింపులో 18 అవుతుంది. అది కనీస మార్కే. ఇంటర్నల్‌లోనూ సరిగ్గా 20 ఉందనుకోండి. 20, 18 కలిపితే 38. మొత్తం 40 ఉంటేనే పాస్! రెండు గడపలూ దాటినవాడు మూడో గడప దగ్గర బోర్లా పడతాడన్నమాట. ఇంటర్నల్ బొటాబొటిగా ఉన్నవాళ్లు పరీక్షలో 35 కాదు, 40 లక్ష్యంగా పెట్టుకోవాలి. ఈ చిన్న కూడిక ముందే వేసుకునేవాళ్లు తక్కువ.

సరిహద్దు అవతల సంగతి చూడండి. 2008లో జేఎన్‌టీయూను విడదీసినప్పుడు ఏర్పడిన అనంతపురం వర్సిటీలో ఆర్20 నిబంధనల ప్రకారం థియరీకి ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, మొత్తం మీద 40 ఉండాలి. ఇంటర్నల్‌కంటూ విడిగా కనీసం లేదు. పదే వచ్చినా ఎక్స్‌టర్నల్‌లో 30 తెచ్చుకుంటే గట్టెక్కొచ్చు. ‘ఇంటర్నల్ పోతే పోయింది, ఫైనల్‌లో చూసుకుందాం’ అనే ధీమా అక్కడినుంచి వచ్చిందే. అన్నలు, మేనమామలు తమ్ముళ్లకు చెప్పే సలహా కూడా ఇదే. అయితే హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్22లో ఇంటర్నల్‌కు కూడా 40కి 14 కనీసం పెట్టేసింది.

హాజరు సంగతీ అంతే. అనంతపురంలో 75 శాతం ఉంటే నిశ్చింత. వీటీయూలో 85 ఉండాలి. సరైన కారణం చూపితే పది శాతం వరకు మినహాయింపు దొరకొచ్చు. మన పిల్లలు నిశ్చింత అనుకునే 75, ఇక్కడ ఆఖరి మెట్టు.

ఏడాది పోతే ఖర్చెవరిది?

ఆర్20లో మొదటి ఏడాది ఎన్ని తప్పినా, హాజరుంటే రెండో ఏడాదికి పంపుతారు. మూడో ఏడాదికి వెళ్లేటప్పుడే 40 శాతం క్రెడిట్లు అడుగుతారు. వీటీయూ 2018 స్కీములో అలా కాదు. మొదటి రెండు సెమిస్టర్లలో నాలుగుకు మించి సబ్జెక్టులు మిగిలితే రెండో ఏడాది తలుపు మూసుకుంటుంది. అదే ఇయర్ బ్యాక్. తోటివాళ్లు ముందుకు పోతారు. ఇంటి అద్దె, మెస్ బిల్లు, బ్యాంకు రుణం మీద వడ్డీ మాత్రం ఆగవు. బ్రిటన్ వెళ్లే మనవాళ్లకు మరో రకం దెబ్బ. అక్కడ చాలా వర్సిటీల్లో మాడ్యూల్ తప్పి మళ్లీ రాస్తే, ఎంత బాగా రాసినా పాస్ మార్కుకు మించి వేయరు.

జిగణి చుట్టుపక్కలే మూడు రకాల సంస్థలున్నాయి. ప్రశాంతి కుటీరంలోని యోగా విశ్వవిద్యాలయం ఎస్-వ్యాస 2002లో డీమ్డ్ హోదా పొందింది. ఆనేకల్ దారిలోని అలయన్స్ 2010లో వచ్చిన ప్రైవేటు వర్సిటీ. వీటికి వీటి సొంత నిబంధనలు. వీటీయూ కిందే ఉన్నా అటానమస్ కళాశాలల్లో కొన్ని మేకప్ పరీక్ష, వేసవి సెమిస్టర్ పెడతాయి. అంటే ఒక కళాశాలలో ఏడాది పోగొట్టే తప్పు, పక్క కళాశాలలో రెండు నెలల్లో సరిదిద్దుకోవచ్చు. ఫీజెంత, బస్సుందా, ప్లేస్‌మెంట్లెన్ని అని అడిగే తల్లిదండ్రులు ‘తప్పితే ఏం చేస్తారు సార్?’ అని అడగడం అరుదు. సీటు తీసుకునే రోజే అడగాల్సిన మాట అది.

ఇప్పటికే చేరినవాళ్లు యూఎస్ఎన్ నంబరు చూసుకోవాలి. మొదట ప్రాంతం అంకె, తర్వాత కళాశాల కోడ్, ఆ వెంటనే వచ్చే రెండంకెలు చేరిన సంవత్సరం. సాధారణంగా ఏ స్కీము వర్తిస్తుందో ఆ రెండంకెలే చెబుతాయి. సీనియర్ చెప్పిన రూలు అతని స్కీముది కావచ్చు.