మీకు తెలుసా? దిగులు వేళ ధ్యానం
తెనాలి–రేపల్లె రైలు మార్గంలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే ధాతు పేటికలు వెలికితీశాడు. అలాంటి పాత బౌద్ధ నేల అది. మనసు బాగోలేనప్పుడు ధ్యానం ఎలాగన్నది ఆ బౌద్ధుల పాలి బోధ ‘అగ్గి సుత్తం’ చెబుతుంది. కుంగిన మనసుతో ప్రశాంతత కోసం కూర్చోవడమంటే చిన్న నిప్పు మీద తడిగడ్డి వేయడమేనట! అప్పుడు కావలసింది ఉత్సాహం, ప్రీతి. శాంతి సాధన ఆందోళన వేళకు. ఎరుక మాత్రం ఎప్పుడైనా పనికొస్తుంది. కునుకు పట్టేవారిని మరో సుత్తం అటూ ఇటూ పచార్లు చేయమంటుంది. అందుకు బాపట్ల వాళ్లకు సూర్యలంక సముద్రతీరపు ఇసుక ఉండనే ఉంది (ఆదివారం రద్దీలో కాదు లెండి). దిగులు వారాల తరబడి వదలకపోతే వైద్యుణ్ణి కలవాల్సిందే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.